పదింటికే ముగిసిన యుద్ధం

లేదు రిజిస్ట్రారు మేడమ్, సంతకం పెట్టను. ఏడో గడి ఖాళీగా ఉందని మీరు వేలు పెట్టి చూపిస్తే మాత్రం? ఆ వెనక బెంచీ మీద ఆరుగురు మగవాళ్ళూ నా చేతికేసే చూస్తున్నారని తెలుసు. చూడనివ్వండి!

ఏడుగురి సంతకాలు లేకపోతే సైనిక చరిత్ర సంఘం రద్దయిపోతుంది, అదే కదా మీ రూలు? నన్ను గెంటేశాక గుర్తొచ్చింది వీళ్ళకి.

అసలు ఈ సంఘం పుట్టిందెక్కడో తెలుసా? నా టైలరింగు షాపులో. మా ఆయన బడిలో డ్రాయింగు మాస్టారు. అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. ఒక్కడంటే ఒక్కడు తుపాకీ పట్టిన పాపాన పోలేదు. డాక్టరుగారు సూది పడతారనుకోండి, అదీ మనం కళ్ళు మూసుకున్నాకే.

వీళ్ళు చేసేదల్లా ఒకటే. రెండొందల ఏళ్ళ కిందట ఊరవతల వాగు దగ్గర జరిగిన యుద్ధాన్ని మళ్ళీ మళ్ళీ ఆడటం. ప్రతి ఆదివారం నా కత్తిరింపు బల్ల మీద నీలం సుద్దతో వాగు గీస్తారు. నా గుండీల డబ్బా బోర్లిస్తారు. తెల్ల గుండీలు మనవాళ్ళు, నల్లవి శత్రువులు. ప్యాంటు హుక్కులేమో ఫిరంగులు!

ఆరుగురికీ తెల్ల గుండీలే కావాలి. ఓడిపోయే పక్షం ఎవరిక్కావాలి చెప్పండి? “నువ్వుండు, ఊరికే కూర్చున్నావు కదా” అన్నాడు మా ఆయన. ఊరికే! నా ఒళ్ళో అప్పుడు సగం కుట్టిన చొక్కా ఉంది మేడమ్!

అలా నేను ఏడో సభ్యురాలినీ అయ్యాను, శత్రువునీ అయ్యాను. నాలుగేళ్ళు. రెండొందల ఆదివారాలు ఓడిపోయాను. నా సైన్యం బారెడు పొద్దెక్కాక బయల్దేరాలి, వాన రావాలి, వాగు పొంగాలి, నేను మునగాలి. చరిత్రలో అలాగే జరిగిందట. సాయంత్రం నాలుగింటికి వీళ్ళ చప్పట్లు. మునిగినవాళ్ళని ఏరి డబ్బాలో వేసుకోవడం నా వంతు.

మొన్న ఆదివారం డాక్టరుగారు, “ఇంకాసేపు ఆగు చెల్లెమ్మా, నీ వాన ఇంకా రాలేదు” అన్నారు. నాకు ఒళ్ళు మండింది. వాన వస్తుందని తెలిసీ ఎవరైనా ఆగుతారా?

ఇద్దరు పిల్లల్ని పన్నెండేళ్ళు పొరుగూరి బడికి పంపినదాన్ని నేను. ఆరున్నర బస్సుకి నాలుగున్నరకే లేపి, తినిపించి, “ఒకటికి వెళ్ళారా?” అని రెండుసార్లు అడిగి, మబ్బు లేకపోయినా గొడుగిచ్చి పంపేదాన్ని. అలాంటిదాని చేతిలో సైన్యం పెడితే ఏం చేస్తుంది? తెల్లారకముందే బయల్దేరదీసింది!

వాన మొదలయ్యేసరికి నా గుండీలన్నీ వాగు దాటేసి వాళ్ళ గుడారాల్లో ఉన్నాయి. వాళ్ళ సేనాపతి, అంటే మా ఆయన, ఇంకా మొదటి కాఫీ తాగుతున్నాడు. పదింటికల్లా యుద్ధం సరి.

“ఇది చరిత్ర కాదు!” అని అరిచాడు కార్యదర్శి. “అప్పట్లో ఓడిన సేనాపతికి పిల్లల్లేరేమోనండీ” అన్నాను. అంతే! అక్కడికక్కడే తీర్మానం. చరిత్రకు ద్రోహం చేసినందుకు ఏడో సభ్యురాలి తొలగింపు. దస్తూరి ఎవరిది? మా ఆయనది. డ్రాయింగు మాస్టారు కదా, కింద అందంగా గీత కూడా గీశాడు.

ఏమిటీ? ఆ తీర్మానం కొట్టేస్తే పెడతానా? ముందు వాళ్ళనడగండి. ఏం డాక్టరుగారూ, సరేనా? అందరూ తలూపారా? మా ఆయన కూడానా? చూడండి, అందరికంటే ముందు ఊపుతున్నాడు!

అయితే ఇలా ఇవ్వండి పెన్ను. ఉండండుండండి, కార్యదర్శి ఏదో కారణం రాస్తున్నాడు. చదవండి కాస్త. “బల్ల మీద కుట్టుపని ఉన్నందువల్ల సభ్యురాలు యుద్ధాన్ని తొందరగా ముగించారు.”

అవును, ఆ మాట నేనే చెప్పాను, మా ఆయనతో. మూడు రోజులు ఆయన మొహం చూళ్ళేకపోయాను మేడమ్. ఆయన ముద్ద మింగితే ఒట్టు. నలభై యూనిఫారాలు సోమవారానికి ఇవ్వాలి, బల్ల ఖాళీ కావాలి, అందుకే గబగబా కానిచ్చేశానన్నాను. “ముందే చెప్పొచ్చుగా!” అని లేచి, రెండుసార్లు వడ్డించుకు తిన్నాడు.

ఇదిగో, పెట్టాను. చాలా?

కాస్త ఇటు వంగండి, మీకు మాత్రం చెప్తాను. ఆ యూనిఫారాలు శనివారమే ఇచ్చేశాను. ఆదివారం రోజంతా బల్ల ఖాళీయే.