గురవమ్మ మేనేజర్ని కనుమెక్కించిన కథ

గురవమ్మ ఉండేది, మా కొండదారి కనుమ పైన వీరన్నపెంట ఊళ్ళో. అప్పటికి యాభై దాటినై అనుకో. మొగుడు పోయినాక ట్రాక్టరు తోలడం నేర్చింది, ఆనక జీపు నేర్చింది. పైఊళ్ళల్లో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవర్ని పాము కరిచినా, కింద టౌను ఆసుపత్రికి దించి మళ్ళీ ఇంటికి చేర్చేది ఆమే. ఆ జీపు ముసలిదైపోతే కొత్త కారు తెచ్చుకుందంట. తెల్లకారు. పసుపు రాసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి మరీ తెచ్చుకుంది. నెల తిరక్కముందే ఏమైందంటే, కనుమ ఎక్కతా ఎక్కతా మూడో మలుపు కాడ ఠక్కున ఆగిపోయింది. ఊరికే ఆగడం కాదబ్బా. ఇంజను ఆగితే స్టీరింగు బిగుసుకుపోద్ది, బ్రేకు తొక్కితే దిగదు. ఇంక ఎనక్కి జారడమే. ఎనకాల ఏముంది? లోయ. ఆ రోజు ఒక్కతే ఉంది గాబట్టి, హేండుబ్రేకు లాగి, బండ పక్కకి ఆనించి ఎట్టనో బయటపడింది. కాసేపు చల్లారినాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయిందంట ఆ కారు.

తెల్లారి షోరూముకి పోయింది. కారు కొనేటప్పుడు కుర్చీ ఏసి, కాఫీ ఇచ్చి, అమ్మా అమ్మా అన్నోళ్ళు, ఇప్పుడేమో అక్కడ నిలబడండి అన్నారంట. మధుకర్ అని మేనేజరు, చొక్కా నలగని మనిషి. రెండ్రోజులు కారు పెట్టుకున్నారు. శుభ్రంగా కడిగారు. కడిగి, లోపమేమీ లేదు అని కాయితం చేతిలో పెట్టారు. "మేం ఇరవై కిలోమీటర్లు తిప్పి చూశామమ్మా, బ్రహ్మాండంగా ఉంది. మీకు గేరు మార్చడం అలవాటు కాలేదేమో" అన్నాడంట. గురవమ్మ ఆ మాట మింగింది. "ఎక్కడ తిప్పారు నాయనా?" అంటే, బైపాసు మీద అన్నాడు. బల్లపరుపు బైపాసు మీద తోపుడుబండి గూడా ఆగదు గదా. ఆమె అదే అంది. ఆయన నవ్వి ఫోను ఎత్తుకున్నాడు.

రెండోసారీ అంతే, అదే మలుపు, అదే కాయితం. మూడోసారి మాత్రం కారులో మా ఊరి ఓబులమ్మ ఉంది, ఓబులమ్మ కోడలు ఉంది, కోడలి ఒళ్ళో మూడ్రోజుల బిడ్డ ఉంది. ఆసుపత్రి నించి ఇంటికి పోతన్నారు. మూడో మలుపు కాడ ఆగింది, రెండు బారలు ఎనక్కి జారింది. గురవమ్మ సీట్లో సగం లేచి బ్రేకు మీద నిలబడితే, ఓబులమ్మ దూకి చక్రం కింద రాయి పెట్టింది. బిడ్డ నిద్ర లేవనన్నా లేవలేదంట. బాలింత మాత్రం ఇంటికి చేరిందాకా బిడ్డని గుండెకి అదుముకునే ఉంది. ఆ అదుముకోవడమే గురవమ్మకి పట్టుకుంది. అన్నం సయించలేదు. కంపెనీ నెంబరుకి ఫోన్ చేసింది. ఒక పిల్ల తియ్యంగా, మీ అసౌకర్యానికి చింతిస్తున్నామండీ అంది. రెండ్రోజులకి ఫోనుకి మెసేజీ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని. కారేమో వాకిట్లో ఉంది, ఒక్కడొచ్చి ముట్టుకోలేదు. మరి ఏం పరిష్కారమైనట్టు, చెప్పు?

అప్పుడు లేచింది గురవమ్మ. కారు తీసుకపోయి షోరూము గేటుకి అడ్డంగా పెట్టింది. లోపల కార్లు చూసుకునే జనం తలలు తిప్పారు. మధుకర్ పరిగెత్తుకొచ్చి, లోపలికి రండమ్మా, ఏసీలో కూచుని మాట్లాడుకుందాం అన్నాడు. "ఆగింది నీ ఏసీలో కాదు గదా, కనుమలో. ఇదిగో తాళం. నువ్వే తోలు. నీకు గేరు మార్చడం వచ్చు గదా" అంది. కొనడానికొచ్చిన ఒకాయన, అవును పోయిరండి సారూ, మేం కూచుంటాం అన్నాడంట. ఇంక తప్పించుకునేదేముంది. ఆయన స్టీరింగు ముందు, ఈమె పక్కన, ఎనక ముగ్గురు మెకానిక్కులు. మొదటి మలుపు దాటారు. రెండో మలుపు దాటారు. మధుకర్ పాట గూడా పెట్టాడు. మూడో మలుపు కాడ పాటా ఆగింది, ఇంజనూ ఆగింది. జారతన్న కారులో ఆయన స్టీరింగు ఒదిలేసి తలుపు ఎట్ట ఎతుక్కున్నాడో మెకానిక్కులు ఇప్పటికీ చెప్తారు. హేండుబ్రేకు లాగింది గురవమ్మే.

కిందికి దిగి గట్టు మీద కూలబడి మధుకర్ ఏమన్నాడంటే, "నాకు ముందే తెలుసమ్మా. ఇట్టాంటియ్యి ఇంకా పదకొండు వచ్చినై. లోపం లేదని రాయమని పైనించి చెప్పారు" అన్నాడు. గురవమ్మకి ఆయన్ని కొట్టాలనిపించిందంట, కొట్టలేదు. నీళ్ళ సీసా ఇచ్చింది. వారం తిరగ్గానే కంపెనీవోళ్ళు ఇద్దరు ఇంటికే వచ్చారు. ఇది మేం తీసుకపోతాం, కొత్త కారు ఇస్తాం, ఈ సంగతి ఎక్కడా మాట్లాడనని ఇక్కడ సంతకం పెట్టండి అన్నారు. "మిగతా పదకొండుమందికి?" అంది. అది మా పని అన్నారు. "మీ పని ఎట్టుంటదో చూశా. నేను పెట్టను" అని కాయితం వాళ్ళ జేబులోనే పెట్టి పంపించింది. కారు మీద ఎర్రరంగుతో రాసింది: ఇది కనుమెక్కదు, లోపం లేదన్నారు అని. కనుమ మొదట్లో, వచ్చేపొయ్యే వాళ్ళంతా చూసేకాడ నిలబెట్టింది. కంపెనీవోళ్ళు పోలీసుల్ని పంపించారు, అయినా ఆమె కారు తియ్యలేదు. ఆసుపత్రికి పొయ్యేవాళ్ళని ఎవర్నో అడిగి తెచ్చుకున్న ఆటోలో దించింది గానీ, తియ్యలేదు. అది చూసి ఒకడొచ్చాడు, నాదీ ఇంతే అక్కా అని. ఇంకొకడొచ్చాడు. పన్నెండుమందీ కలిసి వినియోగదారుల కోర్టుకి పోయారు. మధుకర్ వచ్చి సాక్ష్యం చెప్పాడు, ఉద్యోగం పోయింది పాపం. ఏడాదిన్నర తిరిగారు. చివరికి కోర్టు తీర్పుతో కంపెనీవోళ్ళు ఆ రకం కార్లన్నీ ఎనక్కి పిలిపించి, ఎత్తెక్కేటప్పుడు వేడెక్కి ఆగిపొయ్యే పెట్రోలు పంపు మార్చారు.

పేపర్లో కంపెనీవోళ్ళు ఏమని ఏసుకున్నారనుకున్నావు? మీ క్షేమమే మాకు ముఖ్యం, అందుకే మా అంతట మేమే ముందుకొచ్చాం అని, ఇంత బొమ్మతో. గురవమ్మ పేరు ఎక్కడా లేదు. ఆమెకి చూపిస్తే, పోనీలేబ్బా, కార్లు కనుమ ఎక్కుతున్నాయి గదా అని నవ్వి, ఎవరికో నొప్పులని తాళం తీసుకుని ఎల్లిపోయింది. ఆమె పోనిచ్చింది. నేను పోనియ్యను. అందుకే అడిగినోళ్ళకీ అడగనోళ్ళకీ చెప్తన్నా. నువ్వు గూడా రాసుకో, ఇంటిపేరుతో సహా రాసుకో: బత్తుల గురవమ్మ, వీరన్నపెంట.