పషెదుగారి నక్క మూత

రాజావారి పరిపాలనలో ఎనిమిదవ ఏట, వరద తీశాక విత్తనాలు చల్లే ఋతువు రెండవ మాసంలో, శ్రీ పషెదుగారు నది పడమటి గట్టున ఉన్న మన కలశ శిల్పశాలలో రాయి తొలిచే పనిలో ప్రవేశించారు. గతించినవారి కాలేయాన్ని, ఊపిరితిత్తులను, కడుపును, పేగులను భద్రపరచే నాలుగు కలశాలూ వారి చేతిలో నునుపుదేరే తీరు చూసి, అచిరకాలంలోనే పెద్దలు వారికి, వాటిని కాచే దేవతల తలల ఆకారంలో మూతలు చెక్కే బాధ్యత అప్పగించారు.

మనిషి, కోతి, డేగ తలలు ఎవరు చెక్కినా సర్దుకుపోయే పషెదుగారు, కడుపును కాచే నక్క తల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరినీ మెచ్చింది లేదు. శాలాధ్యక్షులు కాకముందూ, అయిన తరువాతా, మన నక్కలను చూసి వారు అడిగింది ఒకటే: "ఏరా, ఈ గాడిదను ఎక్కడ చూశావు?" భోజనప్రియులైన వారికి కడుపు మీద అంత శ్రద్ధ ఉండడం సహజమే.

అటువంటివారు తమ అంత్యక్రియల కోసం చెక్కుకున్న నాలుగు మూతల్లో ఆ నక్కనే వదులుకున్నారు. ఒక పడవవాడి అంత్యక్రియలకు ముందురోజు మన చేతిలోనే అతని నక్క మూత పగిలింది. అతని భార్య వాకిట్లో ఏడుస్తుంటే పషెదుగారు ఇంటికి వెళ్లి తమ మూత తెచ్చి ఆమెకిచ్చారు.

"ఊరుకో తల్లీ. మీ ఆయన రేపే బయల్దేరుతున్నాడు. నాకింకా తొందరేం లేదు."

తరువాత చూపు మసకబారి, చెయ్యి వణకడంతో మరొకటి చెక్కడం వారికి సాధ్యపడలేదు. ఇంట్లో మూత లేకుండా మిగిలిన ఆ కలశంలో వారి ధర్మపత్ని నెబెత్తాగారు మసూరపప్పు పోసుకున్నారు. "అక్కడికెళ్లాక మీరు తిన్నది ఎలా అరుగుతుందండీ?" అని ఆమె ఆటపట్టిస్తే వారూ నవ్వేవారు గాని, కావలి లేని కడుపుతో పరలోకానికి వెళ్లాలన్న దిగులు వారికి లోలోపల ఉండేదని మనమంతా ఎరుగుదుము.

అందుకే వారు పని విరమించిన సందర్భంగా జరిగిన నిన్నటి వీడ్కోలు విందులో, వారి దగ్గరే పని నేర్చుకున్న కెన్నా చెక్కగా మనమందరం తలా కాస్త నునుపు చేసిన నక్క మూతను వారి ఒళ్లో పెట్టాము. వారు దానిని వేళ్లతో తడిమారు. ఎదుట బాతు మాంసం చల్లారిపోతున్నా పట్టించుకోలేదు. కెన్నా మాత్రం వారి వేళ్లనే చూస్తున్నాడు.

"చెవులు పొడుగయ్యాయిరా."

"దిద్దుతాను బాబాయ్."

"ముట్టుకోకు. ఇన్నేళ్లు నా తిట్లు వింటే ఎవరి చెవులైనా సాగుతాయి."

ఆ మాట అని, మూతను గుండెకు హత్తుకుని కంటతడి పెట్టుకున్నారు. మనం నవ్వాము, ఏడ్చాము, మళ్లీ నవ్వాము.

ఇంటికి వెళ్లగానే నెబెత్తాగారు మూత పెట్టి చూశారట. చక్కగా సరిపోయిందట. పప్పు మాత్రం తీయలేదట. శ్రీ పషెదుగారు గట్టి పళ్లతో, మంచి ఆకలితో, నూట పదేళ్ల నిండు జీవితం గడపాలనీ, ఏటా పంట చేతికి రాగానే ఆ నక్క మూత కింద కొత్త పప్పే నిండాలనీ శాలలోని వారమందరం మనసారా కోరుకుంటున్నాము.