నేను చదును చేసిన చిత్తడి

బెంగళూరు పక్కన చందాపుర సర్కిల్లో టీ అంగడి కాడ ఓబళప్పన్న పనికి మనుషుల్ని ఎంచుకుంటా ఉండాడు. అస్సాంలో చమురు బావి కోసం పాడుచేసిన చిత్తడి నేల ఇంకొకటి ఉందంట, దాన్ని మళ్ళీ అడివి చేసే పని. జేసీబీ నడిపేదానికి ఒక్కరే కావాల. ఆ ఒక్కరూ నేనే కావాలని నా ఆశ. లేకుంటే మళ్ళీ సర్జాపుర అపార్ట్‌మెంట్లలో ఇసక మోయాల్సిందే. అందుకే నోరు తెరిచినా.

“అన్నా, పోయినేడు అస్సాంలో మొదటి జాగా చేసింది నేనే. పెద్ద పనేం కాదులే.”

“అక్కడోళ్ళంతా పనికి ఇక్కడికొస్తా ఉంటే, నువ్వు అక్కడికి పోయినావా అనితమ్మా?” అన్నాడు టీ పోస్తా అశోక్‌కుమార్.

“వాళ్ళంతా ఇక్కడుంటే అక్కడి పని ఎవురు చేస్తారప్పా? విను. చిత్తడి నడిమధ్యలో బావి తవ్వేదానికి కంకరా మట్టీ తెచ్చి మోకాలెత్తు పోసినారు. చమురు పడలే, మూసేసి పోయినారు. ఆ మట్టి ఎత్తేసి మళ్ళీ పాత చిత్తడి మాదిరి చేయమన్నారు. నేను జేసీబీ ఫోన్లో చూసి నేర్చుకున్నదాన్ని, గురువు లేడు, లైసెన్సు... ఆ మాట వదిలెయ్. ఇంత ఇంటెత్తు మట్టి ఒక్క పూటలో తీసేసినా.”

“ఇందాక మోకాలెత్తు అంటివే?”

“మోకాలు ఎవురిదో అడిగినావా? ఏనుగుది. అది అస్సామప్పా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మట్టి తీస్తే కిందంతా గుంటలు, మిట్టలు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా నాయన బండలు పరిచే మేస్త్రీ, చదును చూసే రసమట్టం పెట్టకుండా ఇంట్లో పీట కూడా వేయడు. ఆ ఇంటి పిల్లను, గుంటలు వదిలి వస్తానా? జేసీబీ బకెట్టు బోర్లించి ఈడ్చినా, ఈడ్చినా, ఎంత చదునంటే, నడుమ చెంబుడు నీళ్ళు పోస్తే ఎటు పోవాలో తెలీక ఆడనే నిలబడినాయి.”

“హౌదా! నిజమా!” అన్నాడు అశోక్‌కుమార్.

“కప్ప ఎగిరి దిగితే జారిపోయి పక్క జిల్లాలో తేలింది. బాతు పెట్టిన గుడ్డు నిట్టనిలువుగా నిలబడింది. నాలుగో దినం పైన పోతా ఉండే విమానం, ఎయిర్‌పోర్టు ఇదే అనుకొని దిగిపోయింది. నూటెనభై మంది, లగేజీతో సహా! పైలట్ నా చేయి పట్టుకొని, ‘చెల్లెమ్మా, ఇంత నున్నటి రన్‌వే బెంగళూరులో కూడా లేదు’ అన్నాడు. తెలుగులోనే.”

“పైలట్‌ది ఏ ఊరు?”

“కదిరి.”

ఓబళప్పన్న కడుపు పట్టుకొని నవ్వినాడు. మెచ్చుకుంటా ఉండాడో, ఎగతాళి చేస్తా ఉండాడో నాకు తెలీలే. మెట్టు మీద కూచోనున్న హనుమక్క మాత్రం నవ్వలే. ఆమె నారు నాటే ఆడోళ్ళకు పెద్ద.

“అమ్మీ, ఆకుపచ్చ తగరం గేటున్న జాగానే కదా?”

“ఆ, అదే!” సాక్షి దొరికిందని పొంగిపోయినా.

“నీ వెనకాల దిగింది మేమే. చెట్లకు మిట్టలు కావాల, తుంగకు గుంటలు కావాల. అంతా సాపు చేసి పోయినావు, వాన పడితే నారు పడవల మాదిరి తేలిపోయింది. మూడు తూర్లు నాటినాము. నలభై మందిమి రెండు నెలలు నడుములు పడిపోయేలా మళ్ళీ గుంటలు తవ్వినాము. చేసినోళ్ళ పేరు తెలీక, సుమ్నే, ఊరికే ఆకాశం తట్టు చూసి తిడతా ఉంటిమి. నువ్వేనా తల్లీ!”

అంగడంతా గొల్లుమంది. అంత బాగా చేసిన పని ఎట్ల చెడ్డదవుతాది? మంచి పనంటే చదును చేసేదే కదా నాకు తెలిసింది?

ఓబళప్పన్న కళ్ళు తుడుచుకొని, “జేసీబీ మాట మరిచిపో. పార ఇస్తా, హనుమక్క చేతికింద గుంటలు తవ్వు. వస్తావా?” అన్నాడు.

ఏడవాలో సంతోషపడాలో తెలీక తలూపినా.

హనుమక్క లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. “ఓబళప్పా, ఈ పిల్లకు పార కూడా ఇయ్యొద్దు, దాంతోనూ సాపు చేసేస్తాది. చేత్తో తవ్వనీ.”