కాయేరేకి రాండి

“అవ్వా, మన చర్చిలో పాడేటోళ్లను కాయేరేటోళ్లు అంటారే, ఎందుకు?”

ఎందుకా! కూచో మే, చెప్తా. నగితే నగు, ఏమనుకోను. ఆ యేడు వాన ల్యాకపాయ. చెనిక్కాయ చెట్టు చేన్లోనే మాడిపాయ, పీకితే ఊడలు తప్ప కాయల్యా. ముందర కోతపండగ వస్తాండాది. దేవునికి ఏం పెట్టాల? మీ తాత బతికున్నెప్పుడు మూటెడు కాయలు మోసుకుని పోయేటోడు, అప్పుడు పావలాకు బస్సు... సరే, ఆ కత ఇప్పుడొద్దులే. ఒట్టి చేతుల్తో ఎట్ల పోయేదని నాకు ఒకటే సిగ్గు. పండక్కి పోనే పోననుకున్యా.

ఆ ఆదివారం అయ్యగారు, కొత్తగా వచ్చినాడులే, కోస్తాయన, మైకులో చెప్పినాడు. “పండగకి ఆడవాళ్లంతా శనివారం క్వయర్‌కి రండి” అని. మన మైకు సంగతి తెల్సు గదా, గరగరమంటాది. నాకు “కాయేరేకి రండి” అని ఇనపడె! యాడో బోరు కింద చేను పీకినారేమో, రాలిన కాయ మనల్ని ఏరుకోనిస్తారేమో అనుకున్యా. గుప్పెడు దొరికినా పండక్కి పెట్టొచ్చు గదా! ఇంటింటికీ పోయి చెప్పింది నేనే మే!

శనివారం తెల్లారేసరికి గంపలు నెత్తిన పెట్టుకుని అందరం చర్చి ముందర నిలబడితిమి. అయ్యగారు బయటికొచ్చి, “గంపలెందుకమ్మా?” అన్యాడు. “చేను యాడుండాది సామీ?” అంటి నేను. ఆయప్ప పాటల పుస్తకం పట్టుకుని మా మొగాలు సూస్తాడు, మేం ఆయప్ప మొగం సూస్తాం. “కాయలు కాదమ్మా, పాటలు పాడటానికి” అనె. ఇంక సూడు, అందరూ నా మీదికి తిట్లకు తిరుక్కునిరి. నా తోడికోడలు సుశీలమ్మ మాత్రం నగి నగి కూలబడె. నాకు ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు. “కాయే ల్యాదు సామీ, ఏం మొగం పెట్టుకుని పాడల్ల?” అంటి.

సుశీలమ్మ నగేది ఆపి, గంప బోర్లేసి దాని మీద కూచునె. చేన్లో కాయేరేటప్పుడు పాడతాదే, ఆ రాగంలోనే దేవుని మాట ఎత్తుకునె. ఆమె ఒక మాటంటే మేం అందుకున్యాం, చేన్లో మాదిరే. అబ్బా! చర్చి రేకులు లేసిపోతాయేమో అనిపించె. అయ్యగారు పుస్తకం మూసేసి, “పండక్కి ఇదే పాడండమ్మా” అనె.

పండగనాడు ఖాళీ గంపలు ముందర పెట్టుకుని పాడితిమి. నేను పోనన్న పండగ! సిగ్గు యాడికి పాయనో ఏమో.

ఈ యేడు సూడు, వాన పడింది, కాయ బాగ దిగింది. మళ్ల ఇంటింటికీ పోయి చెప్తాండా, కాయేరేకి రాండని. నువ్వూ రావాల. గొంతు బాగల్యాదా? నాది బాగుండాదా ఏమి! దేవుడు నిన్ను సల్లగా సూడనీ తల్లీ... వచ్చేటప్పుడు గంప మర్చిపోవాకు. ఈసారి నిండు గంప.