కడబూర బనీను

ఇంకెంత దూరం లాగుతారయ్యా వీళ్ళు నన్ను? మన తరఫు వకీలు సుప్రియమ్మ మళ్ళీ వచ్చింది. నీ సమాధి దగ్గర చెప్పుకోక ఇంకెవరికి చెప్పుకునేది?

నువ్వు కుట్టుకున్న బనీను లేదూ, అదేనయ్యా! పలకల గనిలో రాళ్ళు పేల్చే తూటాల మోతకు నీ చెవులు పోయినాక, పేల్చేముందు సైరన్ మోగితే భుజం మీద జుయ్యిమనేటట్టు చిన్న కంప్యూటర్ ముక్క పెట్టి కుట్టుకుంటివే. నువ్వు పోయినాక నీ తమ్ముడు ఎబినేజర్ అట్లాంటివే కుట్టి, గనుల్లో చెవుడొచ్చినోళ్ళకు ఇస్తా ఉన్నాడు.

ఇప్పుడేమో బెంగళూరు కంపెనీ ఒకటి నోటీసు పంపింది. ఆ ఆలోచన వాళ్ళదంట! పేటెంటంట! ఆపకపోతే కోర్టుకీడుస్తారంట. ఎబినేజర్ హడలిపోయినాడు. రిపేరుకొచ్చినవి గూడా ముట్టుకోలే.

పోయిన వారం మన బ్రహ్మం, బనీను చెడిపోయి, ఉత్త చొక్కాతో గనిలోకి దిగినాడు. సైరన్ మోగిందంట. వాడికేం తెలుస్తది? రాళ్ళ కిందనుంచి తీసేసరికి ప్రాణం లేదు. వాళ్ళావిడ నాగేంద్రమ్మ మొహం చూళ్ళేకపోయినా.

కంపెనీ కంటే ముందే నువ్వు చేసినావని రుజువు కావాలంది సుప్రియమ్మ. గని అంతా చూసిందమ్మా అన్నా. మాటలు చాలవు, వస్తువు కావాలంది. నీ శవపెట్టె పక్కన తీయించుకున్న ఫోటోలో కనపడుద్దేమో అనుకున్నా గానీ, వైర్లు బాగుండవని పైన పెండ్లి కోటు గుండీలన్నీ నేనే పెడితిని గదా!

"ఇప్పుడది ఎక్కడుందమ్మా?" అంది.

అది నీ ఒంటికి తొడిగి ఎందుకు పంపినానో ఎవరికీ చెప్పలే. పాస్టరయ్యకు గూడా. నవ్వొద్దు. లోకం ఆఖరున దేవుడి కడబూర మోగినప్పుడు సచ్చినోళ్ళందరూ లేస్తారు గదా, నీకొక్కడికే వినపడదేమోనని!

చెప్పేసినా. ఆమె మెల్లిగా, "సమాధి రాయి మీద తేదీ చెక్కించారు కదమ్మా?" అంది. కంపెనీ పేటెంటు కంటే పాత తేదీ ఉన్న ఆ రాయి కింద దొరికితే అంతకంటే గట్టి సాక్ష్యం లేదంట.

సంతకం పెట్టినా. సోమవారం ఆఫీసర్ల ఎదురుగా తవ్వుతారు. ప్రభువు నన్ను క్షమించాల.

కోపమొచ్చిందా? బూర మోగితే పక్కనుంచి నేనే తట్టి లేపుతాలే. ఈ పక్క చోటు నాదే గదా.

ఏమోనయ్యా... ఈ మధ్య నాకూ చర్చి గంట సరిగ్గా వినపడటంలే.