నెహెమ్యా జిల్లేడు గడ్డ

ఆ మంచం లాక్కోని కూచో, క్రిస్టినా. మీ తాత గురించేనా? ఈ కోడుమూరు పక్క ఎవర్నడిగినా నెహెమ్యా గురించి మంచే చెప్తారు. నేనూ అదే చెప్తాండా ఇన్నేండ్లూ. మొదట్లో ఆయప్ప పత్తికి మందు కొట్టే కూలి గదా. ఎవరి చేన్లో చూసినా వీపున ట్యాంకు మోసుకోని ఆయప్పే. నాకు పంపు పట్టేది నేర్పిందీ ఆయప్పే. ఒగనాడు ఈరేష్ చేన్లో ఎదురుగాలికి మందు మూతికి కొట్టి, నురగలు కక్కుకోని పడిపోయినాడు. కర్నూలు పెద్దాసుపత్రిలో పదకొండు దినాలు. మీ అవ్వ విశ్వాసమ్మ శవానికి కప్పేదానికి తెల్లగుడ్డ కూడా తెచ్చి పెట్టుకున్యాది పాపం.

బతికొచ్చినంక మళ్లా ట్యాంకు ముట్టలే. మీ చర్చి ఎనక రాళ్లగడ్డ ఉండాది చూడు, ఆడ జిల్లేడు మొలిస్తే ఎవర్నీ పీకనియ్యలే. దానికి గీతల పురుగులు పట్టినాయి. ఆకు తిని తిని, పచ్చ గూడు కట్టుకోని యాలాడతాయి. పదిదినాలకు దాంట్లోంచి ఎర్రటి సీతాకోకచిలక. మీ తాత పొద్దున్నే పోయి గొంతుకూచోని అదే చూసేటోడు. "ఇన్నేండ్లు ఇట్లాటివాట్నే చంపినా సుంకన్నా, ముఖం చూడకుండా చంపినా" అన్యాడు ఒగసారి. పురుక్కి ముఖమేందప్పా అని నవ్వినా నేను.

ఆ ఏడు నా పత్తికి పురుగు పడింది. ఆ జిల్లేడు నుంచే వస్తాండాదని నాకు అనుమానం పట్టుకున్యాది. పోయి అడిగితే ఆయప్పకు కోపం రాలే. నా చేన్లో ఆకు తెంపకచ్చి గీతల పురుగు ముందర పెట్టినాడు. తెల్లారి చూస్తే ఆకు పెట్టింది పెట్టినట్లే ఉండాది, పురుగు జిల్లేడు మీదికి పోయింది. జిల్లేడు తప్ప పత్తి ముట్టదని చూపించినాడు. నా కండ్లతో చూసినా తల్లీ. తెలీక చేసినానని చెప్పుకునేదానికి లేదు. పైరు పోతాంటే ఎవరో ఒగరి మీద పడాల గదా మనిషి.

మీ అమ్మకు కాన్పని ఆయప్ప ఎర్రగుంట్లకు పోయినాడు, నువ్వు పుట్టినప్పుడే. ఆ వారంలో నేను ఆ గడ్డకు పోయినా. మిట్టమధ్యాన్నం, నాలుగు ట్యాంకుల మందు కొట్టినా, ఆకు కిందకూ తగిలేటట్ల. పురుగులు ఎండాకుల మీద రాల్తాంటే చప్పుడు ఇనపడింది. అప్పుడే గూట్లోంచి వచ్చిన సీతాకోకచిలక, రెక్కలింకా ఆరలే, దాని మీద కూడా కొట్టినా. చర్చి పక్కింటి కృపమణి చూసి ఏందన్నా అంటే, దోమలకులేమ్మా అన్యా.

ఆయప్ప వచ్చినాడు. గడ్డ చూసి నేరుగా మా ఇంటికొచ్చినాడు. మనవరాలు పుట్టిందని నా చేతిలో చక్కెర పెట్టినాడు. పెట్టి, గడపకాడ్నే నిలబడి, "మూతికి గుడ్డ కట్టుకోని కొట్టినావా?" అన్యాడు. అంతే. తిట్టింటే బాగుండు. నేనేమన్యానో తెల్సునా? "ఏం కొట్టేది?" అన్యా. కొంచేపు నా ముఖం చూసి ఎళ్లిపోయినాడు.

పత్తా? యాడ నిలబడింది. జిల్లేడు మళ్లా మొలిచింది, దానికి చావుందా. గీతల పురుగు మాత్రం ఆయప్ప ఉన్యన్నాళ్లు మళ్లా పట్టలే. రెండేండ్లకు ఊపిరితిత్తులు చెడి పోయినాడు. పెట్టె మోసిన నలుగుర్లో నేనొగన్ని. పాస్టరయ్య అందరి ముందర, సుంకన్న తోడబుట్టినోని కంటే ఎక్కువ అంటాంటే, తలకాయ వంచుకోని నిలబడినా. వాళ్లు దుఃఖం అనుకున్యారు. మీ అవ్వ నా చేయి పట్టుకోని ఏడ్చింది. అప్పుడన్నా చెప్పాల్సింది, చెప్పలే. ఆమె బతికున్యన్నాళ్లు శానాసార్లు ఆ వాకిలి దాకా పోయి తిరుక్కోనొచ్చినా.

ఏమన్నా అను తల్లీ.

ఎండ నీ మీదికొస్తాండాది. ఇట్ల జరుగు.