పటంలో ఎర్రచుక్క

తెల్లవారేసరికి కెనడా పడమటి తీరంలోని బెల్లా బెల్లా రేవు మీద మబ్బు నీళ్లకు ఆనుకునేంత కిందికి దిగింది. ఎలుగుబంట్ల మీద పరిశోధన చేస్తున్న మనవరాలు అమ్మమ్మ ముందు పటం పరిచింది.

"ఈ ఎర్రచుక్కేంటే?"

"ఎలుగు పడుకునే చోటు, అమ్మమ్మా. నువ్వు చెప్పిందే. నేను కట్టొచ్చిన ఇనప ముళ్లతీగకి దాని వెంట్రుకలు దొరికాయి."

"వెంట్రుకలు ఏరుకోడానికా ఇంత చదువు! అది మశూచికి మనవాళ్లంతా పోయిన ఊరు. అడుగుపెట్టే ముందు ఎవరి పిల్లవో వాళ్లకి చెప్పుకున్నావా?"

"గట్టిగానే చెప్పా. నీ పేరు కూడా."

"మా అన్న విల్‌ఫ్రెడ్ కూడా ఎవరో పెద్దమనిషికి ఇలాగే చుక్క పెట్టిచ్చాడు. మరుసటేడు వేటగాళ్ల పడవ తిన్నగా అక్కడికే వచ్చింది. ఎలుగుని చంపి, తలా గోళ్లూ కోసుకుని మొండెం వదిలేశారు. చచ్చేదాకా మా అన్న, వాకిట్లో ఏదో తిరుగుతోందనేవాడు."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"మన పిల్లవేగా, బయటపెట్టవనుకున్నా. తుడిచెయ్, తల్లీ."



"నిన్ననే యూనివర్సిటీకి పంపేశా, అమ్మమ్మా. వాళ్లు అందరూ చూసేలా నెట్‌లో పెట్టేశారు."

అమ్మమ్మ లేచి ఎండు సాల్మన్ చేప తెచ్చింది. ఎప్పటిలాగే పోయినవాళ్ల వంతు ముక్క పొయ్యిలో వేసింది. ఈసారి ఎలుగు వంతు ఇంకొకటి కూడా వేసింది.

మిగిలింది ఇద్దరూ తిన్నారు.